ఒక్క దెబ్బకి ఒక్క అక్షరం

గత వారం మన గుండుసూది గెలిచింది. రాజ్యాలేమీ గెలవలేదు లెండి, కీబోర్డు మీద ఒక్క కీ చేసే పని మార్చింది, అంతే. కానీ అద్దెగదిలో ఒంటరిగా కూర్చుని, ముఖాలు చూడని మనుషులతో పనిచేస్తూ, ‘ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయితే మరి నీకు జీతం ఎవరిస్తారే?’ అని ఆదివారం ఆదివారం ఫోన్లో అడిగే వదినకి జవాబు చెప్పలేక నలిగిపోతున్న పిల్లకి అదే పట్టాభిషేకం.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఉత్తరాలు రాసుకోవడానికీ లెక్కలు వేసుకోవడానికీ ఎవరైనా ఉచితంగా దించుకోగల ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని కోడ్‌కి తాళం లేదు. తెలిసినవాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు, తప్పు కనబడితే దిద్దొచ్చు, పెద్దలు ఒప్పుకుంటే ఆ దిద్దుబాటు అందులో కలుస్తుంది. ఆ పని నేర్చుకోవడానికి ఇంటర్న్‌గా చేరింది గుండుసూది. అసలు పేరు వేరే ఉంది. అక్కడ అందరూ మారుపేర్లతోనే తిరుగుతారు కాబట్టి, సన్నగా ఉండి అదను చూసి గుచ్చుతుందని వదిన పెట్టిన పేరునే ఆమె అక్కడా పెట్టుకుంది. ఆమెకి పని నేర్పే మెంటర్ పేరు తాబేలు. నిదానంగా చూస్తాడు, నిదానంగా చెబుతాడు, ఆయన సరే అన్నదాకా ఇంటర్న్ రాసిన ఒక్క పంక్తి కూడా లోపలికి పోదు.

ఇక ఆ కీ సంగతి. మన లిపిలో ‘స్త్రీ’ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం, ఇన్నిసార్లు నొక్కాలి. చెరపాలన్నా బ్యాక్‌స్పేస్ అన్నిసార్లూ కొట్టాల్సిందే, ఒక్కో దెబ్బకి ఒక్కో ముక్క ఊడుతుంది. గుండుసూదికి అది చాదస్తంగా తోచింది. కొన్ని వారాలు కోడ్‌లో తల దూర్చి, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే ఒత్తులూ గుణింతంతో సహా అక్షరం మొత్తం ఎగిరిపోయేలా మార్చింది. ఆ దిద్దుబాటుకి, అంటే వాళ్ల భాషలో ప్యాచ్‌కి, ‘ఒక్క దెబ్బకి ఒక్క అక్షరం’ అని పేరు కూడా పెట్టింది. తాబేలు సరేనన్నాడు. చర్చావేదిక మీద చప్పట్ల బొమ్మలు కురిశాయి.

అంతలో ఒంటివేలు అనే పాత సభ్యుడొకాయన వచ్చి రెండు మాటలు పడేసి పోయాడు. ‘తప్పు. తీసెయ్.’

ఆయన ధోరణే అంత. ‘వద్దు’, ‘బాలేదు’, ‘చూడు’కి మించి ఆయన ఎవరితోనూ మాట్లాడింది లేదు. నమస్కారం ఉండదు, దయచేసి ఉండదు. కొత్తవాళ్లు ఆయన్ని తలుచుకుని నవ్వుకుంటారు. గుండుసూదికి నోరు దురద పెట్టింది. ‘ఒంటివేలు చూపిస్తే సరిపోదండీ, కారణం కూడా చూపించాలి’ అని అందరి ముందూ రాసింది. ఆ మాటకి వచ్చినన్ని నవ్వుల బొమ్మలు ఆమె ప్యాచ్‌కి కూడా రాలేదు. పోయిన వారం ఆ నవ్వుల దగ్గరే ఆగాం.

*

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారిందని తెలియడానికి మాత్రం కాస్త సమయం పడుతుంది. ఈలోగా గుండుసూది ఆ నవ్వుల బొమ్మల్ని తెరిచి చూసుకుంటూ నాలుగు రోజులు గడిపింది. ఎవరో నవ్వారు, తన మాటకి నవ్వారు, అదే చాలనిపించింది ఆమెకి.

ఎందుకనిపించదు? ఆ గది చూస్తే మీకే తెలుస్తుంది. కింద లాండ్రీ షాపు. పొద్దెక్కేసరికి ఇస్త్రీ ఆవిరి మెట్లెక్కి వచ్చి గదంతా తడిబట్టల వాసన నింపుతుంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడా, దాని మీద నీళ్లు కారుతూ ఒక పైపూ కనబడతాయి. ఆ పొద్దున బ్రెడ్డు కొనడానికి వీధి చివర కొట్టుకి వెళ్లింది. కొట్టతను “ఇంకేమైనా కావాలా?” అన్నాడు. చాలు అనబోయింది, గొంతు పెగల్లేదు. దగ్గి, సర్దుకుని, రెండోసారి అంది. ముందురోజంతా ఆమె నోటి నుంచి ఆ మాత్రం మాట కూడా రాలేదు. మాట్లాడాల్సిందంతా వేళ్లతోనే అయిపోతుంటే గొంతు మాత్రం ఏం చేస్తుంది పాపం.

ఆ గదిలో ఆమెకి తోడు రెండే. ఒకటి, బల్లపైన గోడకి అంటించుకున్న కాగితం ముక్క. చేరిన కొత్తలో ఒకరోజు ఏదో నొక్కబోయి ఏదో నొక్కి, రోజంతా రాసుకున్నది పోగొట్టుకుంది. పక్కన అడగడానికి ఎవరూ లేరు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే సహాయం పేజీ ఉంటుంది కదా అని తెరిచింది. ఈ కీ నొక్కండి, ఆ కీ నొక్కండి అని ఉంటుందనుకుంటే, మొట్టమొదట ఇలా ఉంది: ‘కంగారు పడకండి. ఏదీ పోలేదు. వెనక్కి తెచ్చుకోవచ్చు.’ ఆ తర్వాతే కీల సంగతి. గుండుసూది భోరున ఏడ్చింది. సాఫ్ట్‌వేర్ సహాయం పేజీ చదివి ఏడ్చిన మనిషి లోకం మొత్తం మీద ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆ మూడు ముక్కలూ కాగితం మీద రాసి గోడకి పెట్టుకుంది. ఎవరు రాశారో పేజీలో ఉండదు, ఆమె కూడా ఎవర్నీ అడగలేదు.

రెండో తోడు తాబేలు. రోజూ పొద్దున్నే ఆయన దగ్గరి నుంచి ఒక మెసేజ్ వస్తుంది. ‘లేచావా సూదీ?’ అంతే ఉంటుంది. మధ్యాహ్నం ‘తిన్నావా?’ అని ఇంకొకటి. కన్నవాళ్లు లేని పిల్ల, అన్నయ్య ఇంట్లో హాల్లో సోఫా మీద పడుకుని చదువుకున్న పిల్ల. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు, కాకపోతే లేచావా అని అడగాల్సిన అవసరం వాళ్లకి రాలేదు, సోఫా ఖాళీ అయితే లేచినట్టే.

ఇప్పుడా ఇంటర్న్‌షిప్ చివరికొచ్చింది. ఈ వారంలోనే తాబేలు ఆమె మీద రిపోర్టు రాసి పైకి పంపాలి. ఆమె చేసిన పని సాఫ్ట్‌వేర్‌లో నిలిస్తే జీతం మీద తీసుకుంటారు. నిలవకపోతే మళ్లీ ఆ సోఫా, ‘కొండను తవ్వి ఎలుకను పట్టావా?’ అనే వదినా. అంతకంటే ముఖ్యం, పొద్దున్నే ‘లేచావా’ ఉండదు. నిజం చెప్పాలంటే ఆమె భయమంతా దాని గురించే.

*

వారానికోసారి జరిగే మీటింగ్ ఆ మధ్యాహ్నం ఉంది. మీటింగ్ అంటే తెర మీద కొన్ని గుండ్రటి చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో మారుపేరు. కెమెరా ఎవరూ పెట్టరు. ఎవరేం అన్నారో రాసుకునే పని ఇంటర్న్‌ది. తాము చేసింది ముందు తామే వాడాలని వాళ్ల నియమం కాబట్టి ఆ రాతకోతలన్నీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోనే, అందరికీ ఒకేసారి కనబడే, ఎవరైనా రాసి చెరపగల పేజీలో జరుగుతాయి. ఎవరి కర్సర్ వాళ్ల రంగులో, పక్కన వాళ్ల పేరుతో కదులుతుంటుంది. గుండుసూది మార్చిన బ్యాక్‌స్పేస్ అప్పటికే ఆ పేజీలో పనిచేస్తోంది.

తాబేలు వచ్చాడు. అత్తయ్య వచ్చింది. ఆమె ఎవరికీ అత్తయ్య కాదు. ఒక్క పొల్లు తప్పినా వదిలిపెట్టదు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఇంకో నలుగురైదుగురు వచ్చారు. ఆఖర్న ఇంకో చుక్క వెలిగింది. ఒంటివేలు.

ఆయన మీటింగ్‌కి రావడం ఎవరూ ఎరగరు. అంతటితో ఆగకుండా ఆ చుక్క కెమెరా కూడా తెరిచింది. తెర నిండా ఒక ఆడమనిషి ముఖం, మరీ దగ్గరగా. నలభై దాటి ఉంటాయి.

“వినబడుతోందా అందరికీ? నేను ఆయన చెల్లెల్ని. కళ్లజోళ్ల షాపులో చేస్తాను. భోజనం టైములో వచ్చాను, మళ్లీ పోవాలి. ఇక్కడ గుండుసూది ఎవరమ్మా?”

గుండుసూది మైకు తెరవలేదు. ‘నేనేనండి’ అని పక్కన టైపు చేసింది.

“అయ్యో, నోటితో చెప్పమ్మా. మా అన్నయ్యకైతే మాట రాదు, నీకేమైంది?”

గుండుసూది మైకు తెరిచింది. “నేనేనండి అక్కా” అంది. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

“కారణం చూపించమన్నావుగా. చూపిద్దామని వచ్చాం. ఇదిగో.”

ఆమె కెమెరా అటు తిప్పింది. కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. రెండు పక్కలా దిండ్లు. కుడిచెయ్యి ఒళ్లో ముడుచుకుని ఉంది. ఎడమచేతిని ఒక చెక్కస్టాండుకి బెల్టుతో కట్టి కీబోర్డు మీదికి వాల్చారు. ఆ చేతి చూపుడువేలొక్కటే చాచి ఉంది. ముఖం మాత్రం తెర వంక తిరిగి ఉంది, కళ్లు చురుగ్గా కదులుతున్నాయి. ఇన్నేళ్లూ కొత్తవాళ్లంతా నవ్వుకున్న ఆ పేరు వెటకారం కాదు, అక్షరాలా నిజం.

“నరాల జబ్బు,” అంది చెల్లెలు. “ముందు కాళ్లు పోయాయి, తర్వాత మాట పోయింది. చేతుల్లో ఈ వేలొక్కటి మిగిలింది. అదీ సాయంత్రమైతే మొండికేస్తుంది. అన్నయ్యా, వాళ్లకి చూపించు.”

పేజీ అడుగున ఎర్ర కర్సర్ వెలిగింది. ఒంటివేలు రాయడం మొదలుపెట్టాడు. ఎంచుకున్న మాట కూడా గుండుసూది తన ప్యాచ్‌లో ఉదాహరణగా ఇచ్చినదే.

స. వేలు లేచింది, గాల్లో కాసేపు వణికింది, వాలింది. పొల్లు. మళ్లీ లేచింది. చెల్లెలు ఆయన మోచేతి కింద దిండు సర్దింది. త. పొల్లు. ఎవరి గదిలోనో గోడగడియారం చప్పుడు మైకులోంచి వినబడుతోంది. ర. ఇక గుడిదీర్ఘం ఒక్కటే మిగిలింది. వేలు వాలుతూ పక్కకి ఒరిగి, దీర్ఘం బదులు పొట్టిగుడి మీద పడింది. తెర మీద ‘స్త్రి’ అని నిలబడింది.

“ఇదివరకైతే ఇక్కడ బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే ఆ గుడి ఒక్కటే పోయేది,” అంది చెల్లెలు. “దీర్ఘం పెట్టుకుని ముందుకి పోయేవాడు. ఇప్పుడు చూడండి.”

వేలు బ్యాక్‌స్పేస్ మీద వాలింది. మాట మొత్తం మాయమైంది. పేజీ తెల్లగా మిగిలింది.

ఆయన మళ్లీ స దగ్గర మొదలుపెట్టాడు. రెండోసారి కూడా వేలు పక్కకే ఒరిగింది. మళ్లీ మొత్తం పోయింది. గుండుసూదికి లేచి గది బయటికి పారిపోవాలనిపించింది, కానీ చూడక తప్పదని కూడా తెలుసు. మూడోసారి దీర్ఘం సరిగ్గా పడింది. ‘స్త్రీ’ అని పేజీలో నిలిచింది. ఆయన నుదుటి మీద చెమటని చెల్లెలు చున్నీ కొసతో తుడిచింది.

“నీకు చెరపడం కష్టంగా ఉందమ్మా, అందుకని దాన్ని సులువు చేశావు,” అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “అన్నయ్యకి రాయడం కష్టం. రాసింది పోతే ఇంకా కష్టం. అంతే తేడా.”

చెల్లెలు టైము చూసుకుంది.

“ఇంకోటి కూడా చెప్పి పోతాను. మర్యాద తెలియని మనిషని మీరంతా అనుకుంటారట. అన్నయ్యే చదివి నాకు చూపించాడు, నవ్వాడు కూడా. ‘దయచేసి తీసెయ్యండి’ అని రాయాలంటే ఆయనకి ఒక పూట పోతుంది. ఉన్న ఓపికంతా ‘దయచేసి’కే ఖర్చయితే, ఇక పనేం చేస్తాడు? మర్యాదకి కూడా ఓపిక ఉండాలమ్మా.”

అప్పుడు అత్తయ్య మైకు తెరిచింది. “ఆ వేలు సంగతి నాకూ ఇవాళే తెలిసింది. ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. కానీ సూదీ, నీకు ఇంకోటి తెలియదు. మన సహాయం పేజీలున్నాయే, అవన్నీ రాసింది ఆయనే. నేను దిద్దుదామని కూర్చుంటాను, దిద్దడానికి ఏమీ దొరకదు. ఇంత పొదుపుగా ఎలా రాస్తారా అని ఎప్పుడూ అనుకునేదాన్ని.”

గుండుసూది తలెత్తింది. గోడ మీద కాగితం ముక్క అక్కడే ఉంది. కంగారు పడకండి. ఏదీ పోలేదు. వెనక్కి తెచ్చుకోవచ్చు. నొక్కాల్సిన ప్రతి ముక్కకీ వేలెత్తి, వణికి, దించి రాసిన మాటలు. ‘ఏదీ పోలేదు’ చాలు కదా, ‘కంగారు పడకండి’ దేనికి? తనకోసం ‘దయచేసి’ కూడా రాసుకోలేని మనిషి, ముక్కూముఖం తెలియని ఎవరి భయం కోసమో ఓ పూట ఖర్చుపెట్టాడు. ఆ ఎవరో తానే. ఆ మనిషినే తాను నలుగురిలో నవ్వులపాలు చేసింది.

“అన్నగారూ,” అంది. “నేను అలా అనాల్సింది కాదు. తప్పు నాది. ప్యాచ్ వెనక్కి తీసేస్తాను.”

“ఆగు సూదీ.” తాబేలు గొంతు. అప్పటిదాకా ఆయన మైకు మూసే ఉంది. “తొందరపడకు. కొత్త వెర్షన్ రిలీజ్‌కి అంతా సిద్ధమైపోయింది. ఇప్పుడు తీస్తే పరీక్షలన్నీ మొదటికొస్తాయి. ఉండనిద్దాం. పాత పద్ధతి కావాలన్నవాళ్లు ఎంచుకునే వీలు వచ్చే రిలీజ్‌లో పెడదాం. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.”

మాట సబబుగానే ఉంది. తాబేలు మాటలెప్పుడూ సబబుగానే ఉంటాయి.

“వచ్చే రిలీజ్ ఎప్పుడండీ?” అంది చెల్లెలు.

“ఆరు నెలలు పట్టొచ్చమ్మా.”

“అందాకా అన్నయ్య రాయకుండా కూర్చోవాలా? అయినా ఇదంతా మీకు కొత్తేం కాదు కదండీ. ఈ మార్పు కలపకముందే మీకు రాశాం. అన్నయ్య వేలు వీడియో తీసి నేనే నా ఫోన్లోంచి పంపాను.”

“నాకేం రాలేదమ్మా. వచ్చుంటే చూసేవాణ్ణిగా.”

“చూసినట్టు టిక్కులు కూడా పడ్డాయండీ.”

“ఇక్కడ నెట్ సరిగా లేదు, మీరేమన్నారో...” అంటూ తాబేలు చుక్క ఆరిపోయింది.

గుండుసూదికి ఏది నమ్మాలో తెలియలేదు. నెట్ పోయి ఉంటుంది, టిక్కులు ఇంకెవరివో అయి ఉంటాయి అని మనసుకి నచ్చజెప్పుకుంది. చేయాల్సిన పని మాత్రం ఆపలేదు. అందరూ చూస్తుండగానే తన ప్యాచ్‌ని రద్దు చేయమని విన్నపం రాసి పంపింది. దాన్ని కూడా ఆమోదించాల్సింది తాబేలే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వదిన అనేది గుర్తొచ్చింది. కడుక్కోవడానికి నీళ్లు కూడా ఇప్పుడు ఆయన చేతిలోనే ఉన్నాయి.

“నేను షాపుకి పోవాలి,” అంది చెల్లెలు లేస్తూ. “కంప్యూటర్ ఇలాగే ఉంచి పోతున్నాను, అన్నయ్య కాసేపు ఉంటాడు. పలకరించు, పరవాలేదు. జవాబుకి మాత్రం తొందరపెట్టకు.”

చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

*

మీటింగ్ అయిపోయినా పేజీ తెరిచే ఉంది. అందులో రెండు కర్సర్లు మిగిలాయి. గుండుసూది నీలం, ఒంటివేలు ఎరుపు. రెండూ ఏమీ రాయకుండా మినుకుమంటున్నాయి. కిటికీలో గోడ మీద ఎండ పైకి పాకుతోంది. కింద లాండ్రీవాళ్లు ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. ఒకరితో ఒక గదిలో కూర్చున్నట్టు అనిపించి చాలా రోజులైంది ఆమెకి.

తాబేలు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

‘తిన్నావా సూదీ? నా మాట విను. ఆ విన్నపం నువ్వే వెనక్కి తీసుకో. ప్యాచ్ పోతే సాఫ్ట్‌వేర్‌లో నీ పేరు మీద ఒక్క పంక్తి మిగలదు, రిపోర్టులో నేనేం రాయను? ఉంటే నీ ఉద్యోగం నా పూచీ. ఆయనకి వచ్చే రిలీజ్‌లో చేద్దాం, మాటిస్తున్నాను. వీడియో సంగతి నాకు నిజంగా తెలియదు. నువ్వు ఒంటరిదానివి కాదు, నేనున్నాను.’

ఆ చివరి మాట ఆమె మళ్లీ మళ్లీ చదివింది. రోజూ తిన్నావా అని అడిగే మనిషి అబద్ధమాడతాడా? ఆడకూడదని ఆమెకి ఎంత ఆశగా ఉందంటే, ఆ ఆశని చూసి ఆమెకే భయమేసింది. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి. విన్నపం రద్దు చేయడానికి బటన్ ఉంది, ఒక్కసారి నొక్కితే చాలు. ఒంటివేలు ఏమీ అనడు. అనడానికి ఓపిక కూడా ఉండదు.

నొక్కలేదు. పేజీలోకి వచ్చి, నీలం కర్సర్‌తో రాసింది: ‘అన్నగారూ, తాబేలుగారు మీ వీడియో చూడలేదంటున్నారు. నాకు ఆయన తప్ప ఇక్కడ ఎవరూ లేరు. నేనేం చెయ్యాలి?’

రాశాక, ఇంత పొడుగు ఎందుకు రాశానా అని సిగ్గుపడింది. మాటలు ఇంత చవగ్గా దొరుకుతాయని ఇదివరకెప్పుడూ ఆలోచించలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎర్ర కర్సర్ కదిలింది. జ. దాని మీద ఓత్వం వచ్చి జో. కాసేపు ఆగింది. క, దానికి కొమ్ము. తర్వాత ఖాళీ. ‘జోకు’ అని చదివి, తన ఆ మాట గురించే అనుకుంది. తిట్టబోతున్నాడు, తిట్టాలి కూడా. ఎర్ర కర్సర్ ఒక్కో ముక్కే పేర్చుకుంటూ పోయింది. కిటికీ అవతల గోడ మీద ఎండ పైపుని దాటేసరికి వాక్యం పూర్తయింది.

‘జోకు బాగుంది’

గుండుసూది నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపైంది, మళ్లీ నవ్వయింది. ఇవాళ్టి ఆ కాస్త ఓపికలో ముందు దీనికి ఖర్చుపెట్టాడు ఈ మహానుభావుడు.

కర్సర్ కింది పంక్తికి దిగింది. ఈసారి ఇంకా నెమ్మదిగా రాస్తోంది. సాయంత్రం కావొస్తోంది, వేలు మొండికేసే వేళ. త వచ్చింది. తా అయింది. తాబే. తాబేలు. తాబేలును. ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. ఖాళీ. న. మ. పొల్లు. ఇంకో మ.

‘తాబేలును నమ్మ’

అక్కడ ఆగింది.

చూశారా మన భాష సంగతి. ఔనో కాదో చివరిదాకా చెప్పదు. ఆ ‘మ్మ’కి కొమ్ము పడితే ‘నమ్ము’. పక్కన క పడితే అది ‘నమ్మకు’ కాబోతుంది. ఒక్క కీ తేడా. ఆమె ఉద్యోగం, పొద్దున్నే వచ్చే ఆ ‘లేచావా’, అన్నీ ఆ ఒక్క కీ మీద ఆగి ఉన్నాయి. ఎర్ర కర్సర్ అక్కడే మినుకుమంటోంది. వేలు గాల్లో వణుకుతూ ఉంటుంది, తొందరపెట్టకూడదు. గుండుసూది గోడ మీది కాగితం వంక చూసింది, మళ్లీ తెర వంక చూసింది.

పేజీ పైన ఆకుపచ్చ కర్సర్ ఒకటి వెలిగింది. పక్కన పేరు కూడా ఉంది. తాబేలు.

నెట్ సరిగా లేదన్న మనిషి. ఆ ఆకుపచ్చ గీత పంక్తి తర్వాత పంక్తి దాటుకుంటూ కిందికి దిగింది. గుండుసూది రాసిన ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగింది. ‘జోకు బాగుంది’ దాటింది. ఆయన ఇంత వేగంగా కదలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నేరుగా వచ్చి ఎర్ర కర్సర్ పక్కన, ‘మ్మ’ని ఆనుకుని నిలబడింది.

బ్యాక్‌స్పేస్ ఒక్కసారి పడింది.

ఒంటివేలు అంతసేపూ పేర్చిన ‘మ్మ’, ఒత్తుతో సహా, ఎగిరిపోయింది. ‘తాబేలును న’ అని మాత్రం మిగిలింది.

గుండుసూది రాసిన ప్యాచ్ చక్కగా పనిచేసింది.